దమ్యంకకృత వాచాలఫోను గళనిగ్రహము

రాజులను కీర్తించిన నోళ్ళున్నవి. రథములను, కోటలను, సముద్రలంఘనములను కీర్తించిన నోళ్ళున్నవి. వారి అదృష్టము వారిది. ఈ కథకుని పాలబడినవి ఒక పచ్చడి కటాహము, ఒక చేతిఫోను, నలుగురు మనుష్యులు. ఆ నలుగురిలో పనిచేయువారు ఇద్దరే. అయినను పాడక నాకు తప్పదు, వినక మీకును తప్పదు.

శరత్కాలము తొంగిచూచుచున్న సెప్టెంబరు మాసమున, ఎండ ఇంకను వేసవియే యనుకొని కాయుచు, ఆకులు అప్పుడే శరత్తు వచ్చెనని రాలుచు, ఒకదాని మాట ఒకటి వినని ఆ దినములయందు, తుంజా నదీతీరాలంకారమగు యాంబోల్ పట్టణమున, ప్రతి వసారానుండియు ప్రతి పెరటినుండియు కరెంటు కుంపట్లలో కాలుచున్న ఎర్ర తీపిమిరపల పొగ మింటికెగసి మేఘములకు సైతము తుమ్ములు తెప్పించుచుండగా, రంగు వెలసిన ఐదంతస్తుల భవనము వెనుక, బట్టలారవేయు తీగలకును చెత్తడబ్బాలకును నడుమ, ఎవరికిని చెందనిదియు, అందరును తమదే యని కొట్లాడుకొనునదియు నగు పెరటియందు, కట్టెలపొయ్యిపై ఒక మహాకటాహము కుతకుతలాడుచు, బుడగ పగిలినప్పుడెల్ల ఎర్రని తుంపరలను బాణములవలె దెసదెసలకు చిమ్ముచుండెను.

ఆ కటాహమునెదుట నిలిచినది దమ్యంక. ధూమధూసరితవదన, స్వేదబిందుకిరీటధారిణి, మరకలు పడిన ఏప్రనే కవచముగా, తలగుడ్డయే శిరస్త్రాణముగా, పడవ నడుపదగినంత కొయ్యతెడ్డే ఆయుధముగా, ఆమె పొద్దుటినుండి కలియబెట్టుచునే యుండెను. ఏలయన ల్యూతెనిత్స యనబడు ఆ మిరపటమాటాల పచ్చడికి దయాదాక్షిణ్యములు లేవు. తెడ్డు గీచిన దారి అడుగున మూసికొనక నిలిచినప్పుడే అది అయినట్లు. అంతకుముందు చేయి ఆపినచో అడుగంటును. అడుగంటినచో ఆ మాడువాసన మెట్లెక్కి ఐదంతస్తులకును వార్త మోసికొనిపోవును. ఆ పిమ్మట వండినవారు చలికాలమంతయు తలవంచుకొని మెట్లు దిగవలసివచ్చును.

ఆమెకు ఎదురుగా, ముక్కాలిపీటపై, కాలిన మిరపల తోలు వలుచుచు కూర్చున్నది కేరా, ఆమె తోడికోడలు, మరది భార్య. మరది అచ్చట లేడు. కష్టము కనబడిన దినమెల్ల చేపలు పట్టబోవుట ఆతని నియమము. పచ్చడిలో వంకాయ వేయవలెనా వలదా అను ధర్మసూక్ష్మముపై ఈ ఇద్దరు స్త్రీలును ఏండ్ల తరబడి తిట్టుకొనుటకు దప్ప మాటలాడుకొనలేదు. దేశములు సరిహద్దులకై పోరాడును, వీరు వంకాయకై పోరాడిరి. రెంటిలోను తెలివి సమానమే. ఈ ఏడు తన మొదటి వాయి దింపుచుండగా కేరా కటాహమునకు చిల్లుపడుటచేత, ఇద్దరి మిరపలును ఒక్క కటాహమున, వంకాయ లేకుండ, వండుటకు సంధి కుదిరెను. సంధికి గుర్తుగా కేరా తన మొదటి వాయిలోనుండి ఒక సీసా పంపెను. దమ్యంక దానిని అందుకొని "చూద్దాం" అనెను. ఆ వంశమున శాంతి యనునది అంతకంటె ఎక్కువగా ఎన్నడును పలుకబడలేదు.

ఇక ప్రొదానుని వర్ణింపవలెను, ఇష్టము లేకున్నను. ఆతడు దమ్యంక భర్త. రైళ్ళలో టిక్కెట్లు తనిఖీచేసి విశ్రాంతి పొందినవాడు. విశ్రాంతి అతనికి దొరికెను గాని ఇంటిలోని యంత్రములకు మాత్రము దొరకలేదు. దినమంతయు సోఫాపై శయనించి, "మీ ఫోను మీకు చెప్పని రహస్యములు", "ఇది నొక్కి చూడుడు, ఆశ్చర్యపడుడు" అను వీడియోలను భక్తితో వీక్షించి, సాయంకాలమున లేచి, నేర్చినదానిని కనబడిన వస్తువుపై ప్రయోగించుట ఆతని దినచర్య. ఆ మహాత్ముని హస్తస్పర్శచేత వారి టీవీ గత శీతకాలమునుండి హంగేరీ భాషలో మాత్రమే మాటలాడుచున్నది. ప్రింటరు కాగితములను మ్రింగుట నేర్చినది, వెలికిచ్చుట మరచినది. బట్టల మిషను క్రిందింటివారి కప్పునకు నిత్యాభిషేకము చేయుచున్నది. ఇన్ని జయించియు తృప్తి లేక, ఆ దినమున ఆ అజేయుడు, ఆ సర్వయంత్రాంతకుడు, చెప్పుల టపటపలతో పెరటిలోనికి దిగెను.

"నీ ఫోను ఇలా పడెయ్," అనెను భార్యతో. "నత్తలా నడుస్తోంది. ఇప్పుడే చిట్కా చూశా. క్షణంలో గుర్రంలా పరిగెత్తిస్తా."

"అది బానే ఉంది, ముట్టుకోకు. టీవీకి చేసింది చాలు."

"టీవీకేమైంది? బొమ్మ కనబడట్లా?"

"బొమ్మ కనబడుతోంది. మాటే, ఏం ఏడుస్తున్నారో తెలీట్లా."

"వినగా వినగా అదే వస్తుంది. ఉచితంగా ఇంకో భాష. జనం డబ్బులిచ్చి నేర్చుకుంటారు!"

కేరా మిరపతోలు వ్రేలినుండి విదలించుచు నవ్వెను. "తీసుకోనీ అక్కా. బావగారికి మాత్రం కాలక్షేపం వద్దా? ఇంట్లో ఇంకా పాడుకానిది అదొక్కటే మిగిలినట్టుంది."

దమ్యంక రెండు చేతులును తెడ్డునకు బంధింపబడియుండెను. కావున ఏప్రను జేబులోనుండి ఫోను ఎగిరిపోవుట ఆమె చూచుటయే గాని ఆపజాలదయ్యెను. ప్రొదాను దానిని వెలుగునకెత్తి, కన్నులు చిట్లించి, ఒకదాని లోపల ఒకటిగా దాగిన సెట్టింగుల గుహలలోనికి జొరబడెను. "అనుమతింతువా?" అని ఫోను అడిగెను, ఆతడు చదువక "సరే" నొక్కెను. "నిశ్చయమేనా?" అని అడిగెను, చదువక "సరే" నొక్కెను. మరల మరల అడిగెను. లోకమున ఇంతటి ఉదారుడు వేరొకడుండునా? అడిగినదెల్ల ఇచ్చెను, ఏమి అడిగిరో తెలిసికొనకయే ఇచ్చెను.

అంతట ఫోను నోరు విప్పెను.

అది పురుషస్వరము. వార్తలు చదువుచు వార్తలపై విరక్తి పుట్టినవాని స్వరము. "వాయిస్ సహాయం మొదలైంది. ఏదైనా తెరవడానికి రెండుసార్లు తట్టండి," అనెను.

కన్నులులేనివారికి కన్నులై నిలువవలెనని బుద్ధిమంతులెవరో శ్రమించి నిర్మించిన సదుపాయమది. వ్రేలు తాకిన ప్రతిదానిని పైకి చదివి వినిపించును. ఒకసారి తాకినచో చదువును, రెండుసార్లు తట్టినచో తెరచును. వాడుకొనువారి చేతిలో అది వరము. అట్టి వరము కన్నులుండియు చూడనివాని చేతబడెను.

ప్రొదాను ఒకసారి తట్టెను. "సెట్టింగులు. తెరవడానికి రెండుసార్లు తట్టండి," అనెను ఫోను. ఆతడు ఇంకను గట్టిగా ఒకసారి తట్టెను. "సెట్టింగులు. తెరవడానికి రెండుసార్లు తట్టండి." ఆతడు వ్రేలి కణుపుతో మొట్టెను. "సెట్టింగులు. తెరవడానికి రెండుసార్లు తట్టండి."

"ఇదేంటి, అన్నదే అంటోంది?" అనెను ప్రొదాను. "వైరస్సు!"

వినుడు, ఈ వైచిత్రిని వినుడు! శత్రువు తనను జయించు ఉపాయమును తానే, స్పష్టముగా, మర్యాదగా, అలసట లేక చెప్పుచున్నది. కాని లోకమునకు చిట్కాలు చెప్పుటకై పుట్టినవాని చెవులలోనికి ఒకరు చెప్పిన చిట్కా ఎట్లు దూరును?

"ఏం చేశావయ్యా దాన్ని?" అని దమ్యంక కటాహము వద్దనుండి కేకవేసెను.

"నేనేం చెయ్యలా. అదే చేసుకుంది. నువ్వు కలుపు, నువ్వు కలుపు. ఇది మగాళ్ళు చూసుకునే విషయం." పిమ్మట ఆతడు ఫోనును బాహువు చాచినంత దూరమున పట్టి, ఛాతి విరిచి, పెరటియందలి పిల్లులు సైతము నిలిచి చూచునట్లు గర్జించెను: "ఏయ్ ఫోనూ! ముప్పై ఏళ్ళు రైళ్ళలో టిక్కెట్టు లేనోళ్ళని పట్టుకున్నా నేను! బెంచీ కింద దూరినవాణ్ణి, దొడ్లో నక్కినవాణ్ణి, నిద్ర నటించినవాణ్ణి, చచ్చినట్టు పడుకున్నవాణ్ణి, ఒక్కణ్ణి వదల్లా! నువ్వెంత? నా అరచెయ్యంత లేవు! రీస్టార్టు చేశానంటే నీ పేరు నీకు గుర్తుండదు!"

ఇట్లు గర్జించి, సకలరోగనివారణమని ఆ జాతి వీరులెల్లరు నమ్ము పునఃప్రారంభాస్త్రమును సంధించి, ప్రక్కనున్న మీటను చిరకాలము నొక్కెను. తెరపై గుండ్రని గుర్తు వెలసెను. ఆతడు దానిని ఒకసారి తట్టెను.

"రీస్టార్టు. బటన్. రెండుసార్లు తట్టండి," అనెను ఫోను.

"తట్టాగా!" అని ప్రొదాను అరచెను.

ఆ అరుపునకు మూడవ అంతస్తు కిటికీ తెరచికొనెను. అందుండి తొంగిచూచినవాడు గెంచో. పొగ ఎచ్చట లేచునో అచ్చట రొట్టెముక్కతో ప్రత్యక్షమగుట ఆతనికి అలవాటు. వంట తెలియదు, వంటవేళ తెలియును. ఆతడు దిగివచ్చి, రొట్టెముక్కను చొక్కాజేబులో భద్రపరచి, ఫోనును వైద్యునివలె త్రిప్పి చూచి, "తడిసింది," అని తేల్చెను.

"ఎక్కడ తడిసింది? నీళ్ళ దగ్గరికే పోలేదు," అనెను ప్రొదాను.

"పొగ. పొగలో చెమ్మ ఉంటుంది. గొంతు పట్టేసింది దానికి. బియ్యంలో పెట్టు. మా బావమరిది ఫోను బాత్రూములో పడితే బియ్యంలోనే బాగైంది."

"బాగైందా?"

"ఆ బియ్యం వండుకు తిన్నారు. బానే ఉంది."

ఔననుటకు ఆ ఊరివారు ఊపునట్లు ప్రొదాను తల అడ్డముగా ఊపెను. మధ్యాహ్నమున మిరపకాయలలో కూరి వండుటకై కేరా తెచ్చుకొన్న బియ్యపుసంచి బల్లపై నుండెను. యజమానురాలిని అడుగక, అందు గొయ్యి త్రవ్వి, ఫోనును ఖననము చేసి, పైన బియ్యము కప్పి, ఇద్దరును తలలు వంచి నిలిచిరి.

"బావగారూ, అది మా భోజనం," అనెను కేరా.

"వైద్యం జరుగుతోందమ్మా, ఆగు."

ప్రొదాను విజయగర్వముతో మీసము దువ్వుచుండెను. అంతలో బియ్యపు గర్భమునుండి, సమాధిలోనుండి పలికినట్లు, ఆ నిర్వికార స్వరము లేచెను: "కొత్త మెసేజీ. తోతా నుంచి. ఇంతకీ పచ్చడి సంగతి కేరాకి చెప్పావా లేదా?"

మిరపతోలు వలుచుచున్న కేరా చేయి ఆగిపోయెను.

తోతా బుర్గాసులో నుండు దమ్యంక చెల్లెలు. ఆ మాట చెవిని సోకగానే దమ్యంక తెడ్డు త్రిప్పుచునే లోలోన లెక్క మొదలిడెను. ఆమె తన చెల్లెలికి వ్రాసినవి ఒక్కొక్కటే తలచుకొనెను. భర్తను తిట్టినది కలదు. అది భర్తకు తెలియును. గెంచోను తిట్టినది కలదు, గెంచోకు సిగ్గులేదు. కేరాను తిట్టినవి కోకొల్లలు. అవన్నియు కేరా ముఖముననే పలికియుండెను. ఆ తిట్లు యాంబోల్ పట్టణమంతయు చదివినను ఆమె కనురెప్ప కదలదు. కాని వానికన్నిటికిని అడుగున, నిన్న ఉండబట్టలేక వ్రాసినది వేరొకటి కలదు. కేరా పంపిన సీసాను రుచి చూతమని మూతతీసి, ఫ్రిజ్ తలుపు తెరచియుండగనే నిలుచుండి, చెంచా మీద చెంచాగా అడుగంట తినివేసి, సీసా గోడలను రొట్టెతో తుడిచి, సిగ్గును ఆకలియు ఒక్కసారి తీరిన ఆ బలహీన క్షణమున ఆమె ఇట్లు వ్రాసియుండెను: "ఎవరితో అనకు. కేరా పచ్చడి ఈ ఏడు నాదానికన్నా బాగుంది."

తిట్టు బయటపడినచో కలహము, కలహము అలవాటే. మెప్పు బయటపడినచో? ఇన్ని ఏండ్ల వంకాయయుద్ధము వృథా. ప్రతి పండుగకును, ప్రతి పెండ్లికిని, ప్రతి శవసంస్కారమునకును కేరా ఆ వాక్యమును బల్లమీద పెట్టి వడ్డించును. దమ్యంక ఇంటి తలుపు ముందు నిలిచి, "నాదే బాగుందన్నావుగా అక్కా" అని, బ్రతికినంతకాలము, చిరునవ్వుతో, మర్యాదగా! ఆ మర్యాదనే ఆ వీరాంగన ఓర్వజాలదు.

"ఆ ఫోను ఇలా తెచ్చివ్వు," అనెను.

"పని మధ్యలో ఉన్నా," అనెను ప్రొదాను, బియ్యము గోకి ఫోనును వెలికితీయుచు.

"ఏం సంగతక్కా?" అనెను కేరా. ఆమె గొంతు తేనెలో ముంచినట్లుండెను. "నాకు చెప్పాల్సిన సంగతి?"

"ఏం లేదు. తోతాకి పనిలేదు."

"పనిలేనివాళ్ళే నిజం రాస్తారు." కేరా పీటను బల్ల దగ్గరకు జరుపుకొనెను. "చదవనీ బావగారూ. గొంతు బాగుంది. రేడియోలా ఉంది."

ఇంతలో బియ్యపుగింజలు దులుపుచున్న ప్రొదాను వ్రేలు తనకు తెలియకయే తెరపై రెండుసార్లు తగిలెను. లోకమున అప్పుడప్పుడు మూఢునికిని సరియైన పని జరుగును, జరుగరాని సమయమున. తోతాతో జరిపిన సంభాషణ అంతయు నిలువునా తెరచికొనెను.

"మూసెయ్!" అని దమ్యంక అరచెను.

"పక్కకి తోసెయ్," అని గెంచో జ్ఞానబోధ చేసెను. "వేలితో ఇట్టా తోస్తే పోతాయి. మురికి తుడిచినట్టు. ఏదీ, నన్ను తొయ్యనీ." ఫోనును అందుకొని ఆతడు తోసెను. తోయుట వలన ఏదియు పోదు. తోసిన ప్రతిసారియు ఆ స్వరము తరువాతి మెసేజీ మీదికి దిగి దానిని చదువును.

"ప్రొదాను బట్టల మిషను బాగుచేశాడు," అని ఫోను చదివెను. "ఇప్పుడు కిందింటివాళ్ళ బట్టలు కూడా తడుస్తున్నాయి."

ప్రొదాను ముఖము మిరపపండయ్యెను. "ఇలా రాస్తావా? చెల్లెలికి? నా గురించి?"

"తప్పుంటే చెప్పు!" అనుచు దమ్యంక తెడ్డును రెట్టింపు వేగమున త్రిప్పెను.

"ఇంకొంచెం తొయ్యి గెంచో బాబాయ్," అనెను కేరా.

గెంచో తోసెను. "గెంచో రోజూ దిగుతున్నాడు. పొయ్యి వాసనొస్తే చాలు, జేబులో రొట్టె పెట్టుకుని. ఆ రొట్టె కూడా మన ఇంట్లోదే అయ్యుంటుంది."

గెంచో చేయి చొక్కాజేబు మీదికి పోయెను. "ఇది నేను కొన్నదే చెల్లెమ్మా," అనెను మిక్కిలి నొచ్చుకొని. అయినను జేబులోనుండి రొట్టెను తీసి పారవేయలేదు; అభిమానమునకును ఒక హద్దు ఉండవలెను గదా.

మరల తోసెను. "కేరా మళ్ళీ వంకాయ వేసింది. వంకాయ వేస్తే అది పచ్చడి కాదు, పాపం."

కేరా చేతులు చాచి ఆకసము వైపు చూచెను. "ఇదేనా సంగతి? ఇది నా మొహం మీదే అన్నావుగా! పోయిన పండక్కి పాదిరి గారి ముందు కూడా అన్నావు."

"మళ్ళీ అంటా. ఇంక చాలు, ఆపండి."

"ఇంకొకటుంది కింద," అనెను గెంచో.

అంతట కేరా లేచి నిలుచుండెను. ఏప్రనుకు చేతులు తుడుచుకొనెను. తోడికోడలి కన్నులలోని భయమును ఆమె చూచెను. తిట్టినదానికి భయపడు స్త్రీ కాదు దమ్యంక యనియు ఎరుగును. కావున క్రింద నున్నది తిట్టు కాదని ఆ సూక్ష్మబుద్ధికి తోచియుండును. ఆమె కటాహము చెంతకు వచ్చి, పరమశాంతముగా, చేయి చాచెను.

"తెడ్డు నాకివ్వు అక్కా. నేను కలుపుతాలే. నువ్వెళ్ళి నీ ఫోను చూసుకో."

ఆహా, ఎంతటి వల! పచ్చడి చిక్కబడుచుండెను. తెడ్డు వెనుక దారి మెరసి, ఒక క్షణము నిలిచి, మరల మూసికొనుచుండెను. ఇంక కాసేపటిలో దింపవలెను. ఈ క్షణమున తెడ్డు కేరా చేతికి పోయినచో, పొద్దుటినుండి పొగ మ్రింగినది దమ్యంక, పచ్చడి దింపినది కేరా. ఐదంతస్తులును "కేరా దింపిన పచ్చడి" అని తినును. తెడ్డు ఈయనిచో ఫోను చదువును. ఈయక, వదలి పరుగెత్తినచో అడుగంటును. మూడు దారులు, మూడింటను అవమానము; ఎంచుకొనుటయే మిగిలినది. సేనలను నడుపువారికి ఇట్టి ఘడియ ఎప్పుడో ఒకసారి వచ్చును. ఏప్రను కట్టినవారికి ప్రతి శరత్తునను వచ్చును.

గెంచో వ్రేలు తెరపైకి దిగెను. "ఎవరితో అనకు," అని ఫోను ప్రారంభించెను.

దమ్యంక తెడ్డును వదలెను. ఇచ్చినది కాదు, వదలినది. ఆ భేదమును ఆమె తరువాత ఎందరికో వివరించెను. చిక్కని పచ్చడిలో తెడ్డు జెండాకొయ్యవలె నిటారుగా నిలిచి మెల్లగా ఒరుగుచుండగా, ఆ స్థూలకాయ, ఆ వాతనొప్పుల మోకాళ్ళ మహాయోధురాలు, పెండ్లినాడు కూడ ఎరుగని వేగముతో, మిరపగంపను దాటి, కట్టెలమోపును దాటి, అడ్డమువచ్చిన భర్తను పిరుదుతో ప్రక్కకు నెట్టి, "ఏమేవ్, పగులుతుంది, మెల్లిగా!" అను ఆతని ఆర్తనాదము వినక, గెంచో చేతినుండి ఫోనును లాగికొనెను.

"కేరా పచ్చడి," అనెను ఫోను.

ఆమె దానిని ఎట్లు ఆపవలెనో ఎరుగదు. ఏ మీట ఏమి చేయునో ఎరుగదు. ఎరిగినది ఒక్కటే: దీనికి గొంతు ఉన్నది, కావున నొక్కదగును. ఎడమచేత దాని వీపు పట్టి, కుడిచేతి బొటనవ్రేలిని దాని ప్రక్కటెముకపై, ధ్వని పెంచు మీటయు తగ్గించు మీటయు ఒకదాని క్రింద ఒకటి ఉన్న చోటున, రెంటినీ ఒక్కటిగా మూసి, పండ్లు కరచి, కన్నులు మూసి, తన యావజ్జీవిత వంకాయక్రోధమును ఆ వ్రేలిలోనికి దింపి నొక్కెను.

"ఈ ఏడు," అనెను ఫోను.

నొక్కెను.

"నాదానికన్నా," అనెను ఫోను.

ఇంకను నొక్కెను. ఏదో టిక్కుమనెను. ఫోను ఒక ఊపిరి ఆగెను. పిమ్మట అదే స్వరమున, అదే మర్యాదతో, "వాయిస్ సహాయం ఆగిపోయింది," అని పలికి, శాశ్వతముగా మూగవోయెను. రెండు మీటలును కలిపి పట్టియుంచుటయే దానిని ఆపు మార్గమని ఆమెకు ఆనాడును తెలియదు, ఈనాడును తెలియదు.

పెరటియందలి పిల్లులు సైతము కదలలేదు.

"చూశావా?" అనెను ప్రొదాను, మొదట తేరుకొని. "నా రీస్టార్టు పనిచేసింది! కొన్ని ఫోన్లకి కాస్త టైం పడుతుందంతే."

ఆతని మాట ఎవరును వినలేదు. కేరా కటాహము ప్రక్కన నిలిచియుండెను. ఒరుగుచున్న తెడ్డును ఆమె పట్టుకొనియుండెను, పచ్చడిని కలియబెట్టుచునే యుండెను. ఎవరి పచ్చడి యైనను మాడనిచ్చు మనిషి కాదామె. ఆ మాత్రము పెద్దమనసును ఆమెకు ఈయక తప్పదు. కాని కన్నులు మాత్రము దమ్యంకపైనే నిలిచియుండెను.

"నాదానికన్నా?" అనెను కేరా.

దమ్యంక రొప్పుచుండెను.

"నాదానికన్నా ఏంటక్కా?"

ఒక్క మాట. వాక్యమంతయు బయటపడినది, తోక యొక్కటే మిగిలినది. ఆ తోకలోనే ప్రాణమంతయు ఉన్నది. దమ్యంక ఫోనును ఏప్రను జేబులో వేసికొనెను. తలగుడ్డను సరిచేసికొనెను. కటాహము వరకు నడచివచ్చి, కేరా కన్నులలోనికి సూటిగా చూచి, ఇట్లు పలికెను:

"ఉప్పెక్కువ."

"ఉప్పా?"

"ఉప్పే. నాదానికన్నా ఉప్పెక్కువ. నువ్వు నొచ్చుకుంటావని ఎవరితో అనకన్నా."

కేరా ముఖమున ఏదో వెలుగబోయి ఆరిపోయెను. "ఉప్పు నేనెప్పుడూ సరిగ్గానే వేస్తా," అనెను, ఇంతకుముందు లేని చిన్న గొంతుతో.

"నేనూ అనుకున్నా," అనెను గెంచో. "కొంచెం ఉప్పగానే ఉంది."

"నువ్వెప్పుడు తిన్నావు?" అనెను కేరా.

గెంచో మూడవ అంతస్తు కిటికీ వైపు చూచెను.

కేరా తెడ్డును దమ్యంక చేతికి తిరిగి ఇచ్చి, పీటపై కూర్చుండి, మిగిలిన మిరపల తోలు వలువసాగెను. దమ్యంక తెడ్డును అడుగున ఒకసారి ఈ చివరనుండి ఆ చివరకు లాగెను. ఎర్రని పచ్చడి రెండుగా చీలెను. నడుమ కటాహపు అడుగు నల్లగా మెరసెను. ఆ దారి మూసికొనలేదు. పచ్చడి అయ్యెను. మాడలేదు. దింపినది దమ్యంక. గెంచో రొట్టెముక్కను జేబులోనుండి తీసెను.

ఇంతటితో యుద్ధము ముగిసినది గాని ఫలము మిగిలినది. మరుసటి వారమున కేరా చిల్లు పూడ్చిన కటాహమున తన రెండవ వాయి వండుకొనెను. దానినుండి ఒక సీసా తానే మెట్లెక్కి తెచ్చి, దమ్యంక వంటగదిలో బల్లపై పెట్టి, మూతతీసి, చెంచా చేతికిచ్చి, ఎదుట నిలుచుండెను. లోపలిగదిలో టీవీ హంగేరీ భాషలో వాతావరణము చెప్పుచుండెను.

"నీ మాట విన్నానక్కా," అనెను కేరా. "రాత్రంతా ఆలోచించా. ఉప్పు సగానికి తగ్గించా. ఇప్పుడు తిని చెప్పు."

దమ్యంక తినెను. మొదటి వాయిలోని ఆ రుచి, ఫ్రిజ్ ఎదుట నిలువబెట్టి తినిపించిన ఆ రుచి, ఎచ్చటను లేదు. తడిసిన అట్టముక్కకు ఎర్రరంగు పూసినట్లుండెను. ఆమె చెంచాను నోటిలోనే ఉంచుకొని కొంతసేపు గోడ వైపు చూచెను. ఒక్క మాట చాలును. ఆ ఒక్క మాట నాలుక చివరివరకు వచ్చి, పండ్లవద్ద ఆగి, వెనుకకు మరలిపోయెను.

"ఇప్పుడు సరిపోయింది," అనెను.

కేరా ముఖము వికసించెను. "చెప్పావు కాబట్టి తెలిసింది. ఇకమీదట ఇలాగే చేస్తా. ప్రతి ఏడూ ఇలాగే," అని, భుజము తట్టి, తేలికపడిన అడుగులతో మెట్లు దిగిపోయెను.

కావున లోకులారా, చాటుడు! కటాహేశ్వరియు, ధ్వనిమీటికాయుగళమర్దినియు, వాక్యపుచ్ఛచ్ఛేదనచతురయు నగు దమ్యంక జయించెను! ఆమె ఫోను మూగవోయెను. ఆమె తోడికోడలు ఓడిపోయెను. పలుకరాని మాట పలుకబడలేదు. యాంబోల్ పట్టణమున మేటి పచ్చడి ఆమెదే యని ఆ ఏడే గాక రానున్న ఏండ్లన్నిటికిని స్థిరపడెను. కేరా సీసాలోని ఆ మహావిజయమును ఆమె మధ్యాహ్నవేళ, ఒంటరిగా, రొట్టెముక్కపై పలుచగా రాసికొని, పైన ఉప్పు చల్లుకొని, మారు పలుకక నమలెను.